ఫోన్ పేటెంట్లలో ఎవరికి గిట్టుబాటు ఎక్కువ?

పేటెంట్లు ఎక్కువున్నవాళ్లకే డబ్బులెక్కువ అనుకుంటే హువావే ముందుండాలి. లేదు. 2022లో పేటెంట్ల మీద దానికొచ్చింది 56 కోట్ల డాలర్లే. "మా పేటెంటు లేకుండా 5జీ నడవదు" అని ఐరోపా ప్రమాణాల సంస్థ ఎట్సీ దగ్గర ఎవరికి వారే రాయించుకుంటారు, అది నిజమా కాదా అని ఎట్సీ తనిఖీ చెయ్యదు, అందుకే సంఖ్యను బట్టి విలువ చెప్పలేం. పైగా హువావే, శాంసంగ్ తామూ ఫోన్లు అమ్ముతాయి గనక ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకుంటూ ఇచ్చిపుచ్చుకోవడంలోనే బాకీ చాలా వరకు చెల్లు. అమెరికా చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్‌కి 2024 ఆర్థిక సంవత్సరంలో పేటెంట్ లైసెన్సుల మీదే 557 కోట్ల డాలర్లు వచ్చాయి, పన్నుకు ముందు మిగులు అందులో సుమారు 70 శాతం.

అసలు తేడా వసూలు పద్ధతిలో ఉంది. డెల్టా రైతుకు చెప్పాలంటే, క్వాల్‌కామ్‌ది పండినదాంట్లో పాలు, నోకియాది పంటెలా ఉన్నా ఎకరానికిన్ని బస్తాల కౌలు.

5జీ ప్రమాణ పేటెంట్లకు (అవి లేకుండా 5జీ నడవదనేవి) క్వాల్‌కామ్ అడిగేది ఫోన్ టోకు ధరలో 3.25 శాతం. ధర 400 డాలర్లు దాటితే ఆ పైది లెక్కలోకి రాదు, అంటే 13 డాలర్లకు మించదు. నోకియా ఫోనుకు 3 యూరోలు. ఎరిక్సన్ ఫోన్ స్థాయిని బట్టి 2.5 నుంచి 5 డాలర్లు. డాలరు 85, యూరో 95 రూపాయలనుకుని భీమవరం షాపులో రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూడండి. టోకున 10,000 పడ్డదాని మీద క్వాల్‌కామ్‌కి 325, నోకియాకి 285. 34,000 దాని మీద క్వాల్‌కామ్‌కి 1,105, నోకియాకి అదే 285. దాదాపు 8,800 లోపు ఫోన్లకైతే నోకియా రేటే బరువు. జనం ఖరీదైన ఫోన్లకు ఎగబాకేకొద్దీ లాభం ఎటు పోతుందో తెలుస్తూనే ఉంది. ఇవి బోర్డు మీద రాసిన రేట్లు లెండి. అసలు ఒప్పందాలు గుట్టుగా ఉంటాయి, పెద్ద కంపెనీలు బేరమాడి తగ్గించుకుంటాయి.

నోకియాలో పేటెంట్లు చూసుకునే విభాగం నోకియా టెక్నాలజీస్ అమ్మకాలు 2023లో 108 కోట్ల యూరోలు, 2024లో 193 కోట్లు. ఒప్పో లాంటి కంపెనీలతో ఒప్పందాలు కుదిరి పాత బాకీలు ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఏటా అంతే వస్తుందనుకున్నవాళ్లు దెబ్బతింటారు.

స్వీడన్ కంపెనీ ఎరిక్సన్‌కి 2024లో పేటెంట్ల మీద 1,400 కోట్ల స్వీడిష్ క్రోనర్లు. రాబడి బాగానే ఉంది గానీ వసూలుకు కోర్టులెక్కాలి: మన దేశపు ఫోన్ల కంపెనీ లావా దగ్గర 244 కోట్ల రూపాయలకు ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చేసరికి 2024 మార్చి అయింది.

ఇంటర్‌డిజిటల్ చిన్నది, 2024 రాబడి 87 కోట్ల డాలర్లు. ఫోనూ టవర్ సామానూ చెయ్యదు గనక దాని సరుకు మీద ఎదురుదావా వేసే వీలు లేదు. కానీ కొద్దిమంది పెద్ద ఖాతాదారుల మీదే బతకాలి.

మొత్తం లాభంలో నా ఓటు క్వాల్‌కామ్‌కే. ఆపిల్ 2025లో సొంత మోడెం (ఫోన్‌ని నెట్‌వర్క్‌కి కలిపే చిప్) తెచ్చింది గనక ఇక కట్టదనేవాళ్లున్నారు. చిప్ అమ్మకం వేరు, లైసెన్సు వేరు. ఎవరి మోడెం పెట్టినా 5జీ వాడితే కట్టాల్సిందే. చూసుకోవాల్సింది 2027 మార్చి దాకా ఉన్న ఆపిల్ లైసెన్సు. కిందటిసారి ఆపిల్‌తో గొడవలో చెల్లింపులు రెండేళ్లు ఆగి, 2019 ఏప్రిల్ రాజీతో 450 కోట్ల డాలర్లకు పైగా ఒక్కసారే వచ్చాయి.