వాటికన్‌లో పోయిన 96 యూరోలు, దొరికిన కూజా

రోమ్‌లో మెట్రో దిగి వాటికన్ మ్యూజియం గోడ వెంబడి నడుస్తుంటే, మెడలో కార్డు వేలాడేసుకున్న కుర్రవాడు ఎదురొచ్చి "మామూలు క్యూ మూడు గంటలు, మాతో అయితే పది నిమిషాలు" అన్నాడు. మోకాలి నొప్పితో బావ అప్పటికే చిరాకుగా ఉన్నాడు. మనిషికి 49 యూరోల చొప్పున నలుగురికి 196 ఇచ్చేశాను. టికెట్ అసలు ధర 20 యూరోలట, ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకుంటే మరో 5. అంటే 96 యూరోలు, దాదాపు తొమ్మిది వేల రూపాయలు, గోడ పక్కనే ఆవిరి! పైగా ఆ పది నిమిషాలు గంట దాటాయి, అదీ ఎండలో. అక్క నాతో మాట్లాడటం మానేసింది.

నేను వచ్చిందే గ్రీకు పురాణాల్లోని ట్రాయ్ యుద్ధపు బొమ్మల కోసం. గైడు మాత్రం గొడుగు పైకెత్తి మైకెలాంజెలో చిత్రాలున్న సిస్టీన్ చాపెల్ వైపు పరుగు. లావోకోన్ విగ్రహం ముందు మూడు నిమిషాలు ఆగాడు. గ్రీకులు వదిలివెళ్ళిన చెక్కగుర్రాన్ని నమ్మవద్దన్నందుకు కొడుకులతో సహా పాముల పాలైన ట్రాయ్ పూజారి అతను. 1506లో ఒక ద్రాక్షతోటలో ఈ విగ్రహం బయటపడినప్పుడు కుడి చెయ్యి లేదు. తర్వాతివాళ్ళు పైకి చాచిన చెయ్యి తగిలించారు. 1906లో అసలు చెయ్యి రోమ్‌లోనే దొరికింది, చూస్తే మోచేతి దగ్గర వెనక్కి మడిచి ఉంది. గైడు ఇందులో ఒక్క ముక్క చెబితే ఒట్టు. భుజం దగ్గర అతుకు నేనే చూపిస్తే అక్క ముఖం కాస్త విప్పారింది.

అక్కడే గుంపు వదిలేసి, ఎట్రస్కన్ (రోమన్లకు ముందు ఇటలీలో ఉన్నవాళ్ళు) విభాగం మెట్లెక్కాం. అక్కడ జనం లేరు. అద్దాల పెట్టెలో రెండడుగుల కూజా, ఎక్సేకియాస్ అనే ప్రాచీన గ్రీకు కళాకారుడు చేసి, బొమ్మ వేసి, సంతకం పెట్టినది. వయసు రెండున్నర వేల ఏళ్ళ పైమాటే. ట్రాయ్ మీదికి వచ్చిన గ్రీకు వీరులు అకిలీస్, ఎజాక్స్ ఈటెలు వదలకుండానే వంగి పాచికలాడుతున్నారు. అకిలీస్ తలమీద శిరస్త్రాణం ఉంది, ఎజాక్స్ తనది తీసి వెనక డాలుమీద పెట్టాడు. అంగీల మీది అల్లికంతా వెంట్రుకవాసి గీతలతో గీరినదే. నోటి దగ్గర చిన్న అక్షరాలు: అకిలీస్ "నాలుగు" అంటున్నాడు, ఎజాక్స్ "మూడు" అంటున్నాడు. తర్వాత అకిలీస్ శవాన్ని భుజాన మోసుకొచ్చేది ఈ ఎజాక్సే.

"మనవాళ్ళు పాచికలాడి యుద్ధానికి వెళ్ళారు, వీళ్ళు యుద్ధానికి వచ్చి పాచికలాడుతున్నారు" అన్నాడు బావ. అరగంట దాని ముందే నిలబడ్డాడు, మోకాలి ఊసే లేదు.

మీరు వెళితే టికెట్లు ఇంట్లోంచే కొనండి, గుంపుతో వెళ్ళకండి, ముందు కూజా చూసి తర్వాతే చాపెల్.

బయట ఇయర్‌ఫోన్లు తిరిగిస్తుంటే ఆ కుర్రవాడు టిప్పు కోసం చెయ్యి చాచాడు. బావ తెలుగులోనే చెప్పాడు: "నీకు నాలుగు, మాకు మూడు. ఇంకేం కావాలి నాయనా?"