అబిడ్స్ డెక్కన్ పెన్ స్టోర్స్: నాన్న కలానికి కొత్త పాళీ

ఫౌంటెన్ పెన్ను రిపేరుకు హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది అబిడ్స్‌లోని డెక్కన్ పెన్ స్టోర్స్. 1928 నుంచి ఉన్న షాపు. పెద్ద కంపెనీల పెన్నులతో పాటు తమ సొంత పేరు మీద ఎబొనైట్ పెన్నులు కూడా అమ్ముతారు. వాటిలో అడ్వకేట్ అనే లావుపాటి మోడల్ ఒకటి. నేను బాగుచేయించడానికి తీసుకెళ్లింది అదే. మా నాన్నది.

నాన్న దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గేటు బయట రేకుల కింద ఒక వాలుబల్ల, ఒక బెంచీ, స్టాంపు కాగితాలు గాలికి ఎగరకుండా ఒక నాపరాయి ముక్క. బతుకంతా అక్కడే పనిచేశారు. 'పుత్ర పౌత్ర పారంపర్యంగా', 'దాన విక్రయాది సర్వ హక్కులతో' లాంటి మాటలు మా ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా వినిపించేవి. కుర్రతనంలో ఒక ముసలి గుమాస్తా దగ్గర ఉర్దూ చదవడం నేర్చుకున్నారు. అందుకే నిజాం కాలం నాటి కాగితాలు పట్టుకుని ఎక్కడెక్కడి వాళ్లో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. చదివి చెప్పినందుకు డబ్బు తీసుకునేవారు కాదు, రాస్తేనే.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. క్రయపత్రంలో 'పైకం యావత్తు నాకు ముట్టినది' అనే వాక్యం వస్తుంది కదా. డబ్బు అమ్మేవాళ్ల చేతిలో పడి, వాళ్లు లెక్కపెట్టుకునేదాకా ఆ వాక్యం రాసేవారు కాదు. అక్కడిదాకా రాసి, పెన్ను మూత తిప్పి బిగించి బల్ల మీద పెట్టేసేవారు. "రిజిస్ట్రేషన్ అయ్యాక ఇస్తాం లెండి పంతులుగారూ" అని కొనేవాళ్లు అంటే, "అయితే అప్పుడే రాద్దాం బాబూ" అనేవారు. చదువు రాని ముసలావిడ వేలిముద్ర వేయాల్సి వస్తే ముందు హద్దులు నాలుగూ పైకి చదివి, "తూర్పున ఎవరిల్లమ్మా?" అని ఆవిడ చేతే చెప్పించేవారు. దీనివల్ల చాలా పని పక్క బల్లలకు పోయింది. ఇంటి అద్దె కట్టే రోజు దగ్గరపడితే అమ్మకు టెన్షన్. అడిగేది, కోప్పడేది. నాన్న ఎదురు మాట్లాడేవారు కాదు, పద్ధతి మార్చుకునేవారూ కాదు.

ఆ పెన్ను మూత మరలు అరిగిపోవడానికి కారణం అదే. తీసినన్ని సార్లూ బిగించారు మరి.

ఆయన పోయాక పెన్ను బీరువాలో ఉండిపోయింది, లోపల సిరాతోనే. తీసి చూసేసరికి సిరా గట్టిపడి, చుక్క కూడా దిగలేదు. నల్లటి ఒళ్లు గోధుమ రంగుకు తిరిగింది. ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం కలిపి ఉడికించి గట్టిపరిచిన సరుకు. వెలుతురుకీ తేమకీ అలా రంగు మారడం దాని స్వభావం. రుద్దితే మెరుపు వస్తుంది, కావాలా అని షాపులో అడిగారు. వద్దన్నాను. వేడినీళ్లలో మాత్రం ఎప్పుడూ వేయొద్దని గట్టిగా చెప్పారు.

నాకు ఈ షాపు మీద గౌరవం పెరిగింది పాళీ చూసినప్పుడు. కౌంటర్ దగ్గర ఆయన భూతద్దం పెట్టి చూసి, "రాసినాయన పెన్నును కొంచెం ఎడమకు తిప్పి పట్టుకునేవారా మేడం?" అన్నారు. నేను నాన్న గురించి అప్పటికి ఒక్క ముక్క చెప్పలేదు. వాలుబల్ల మీద పొడుగాటి కాగితం పెట్టి రాయడంవల్ల నాన్నకు ఆ అలవాటు వచ్చింది. ముప్పై ఏళ్ల పైగా రాయడంతో పాళీ కొన ఒక వైపే అరిగింది. "సాన పడితే మీ చేతికి చక్కగా నడుస్తుంది. కానీ తర్వాత మళ్లీ ఇలా చేయలేం. ఆలోచించుకోండి" అన్నారు. తొందరపెట్టలేదు, ఖరీదైన కొత్త పెన్ను ఏదీ చూపించి అంటగట్టాలనుకోలేదు.

నేను కొత్త పాళీ వేయించుకున్నాను. పాతదాన్ని కడిగి, ఆరబెట్టి, కాగితంలో మడిచి ఇచ్చారు. పెన్నును అద్దాల అలమరలో పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నాన్న అలాంటి మనిషి కారు. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కార్డ్ అనే ప్రభుత్వ పథకం కింద కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆ గేటు బయట చాలామంది ఇక మన పని అయిపోయిందన్నారు. నాన్న యాభై ఏళ్ల వయసులో డీటీపీ సెంటరుకు వెళ్లి తెలుగు టైపింగ్ నేర్చుకున్నారు. చిత్తుప్రతి మాత్రం చివరిదాకా ఈ పెన్నుతోనే.

నేను బ్యాంకులో గృహరుణాల విభాగంలో పనిచేస్తాను. తాకట్టుకు వచ్చే పాత దస్తావేజుల్లో అప్పుడప్పుడు ఆయన అక్షరాలు కనిపిస్తాయి. చివర 'దస్తూరి', అంటే చేతిరాత ఎవరిదో చెప్పే చోట, ఆయన పేరు, సంతకం. ఎక్కడైనా కొట్టివేత ఉంటే, ఏ పేజీలో ఏ వరసలో ఏ మాట కొట్టేశారో కింద వివరంగా రాసి ఉంటుంది. ఆ ఫైలు పక్క సీటుకు పంపించడానికి నాకు కొంచెం సమయం పడుతుంది.

ఇక పెన్ను గురించి. దీనిలో రీఫిల్, పంపు ఏమీ ఉండవు. ఒళ్లే సిరా బుడ్డి. డ్రాపరుతో పోసుకోవాలి. ఒకసారి నింపితే చాలా రోజులు వస్తుంది. కానీ సిరా సగానికి దిగాక లోపల గాలి ఎక్కువవుతుంది, చేతి వేడికి ఆ గాలి పెరిగి పాళీ దగ్గర బొట్టు కారుతుంది. ముఖ్యమైన కాగితం మీద రాసేముందు నింపుకోవడమే దీనికి మందు. మరలకు కొద్దిగా సిలికాన్ గ్రీజు రాస్తే అక్కడినుంచి లీకు ఉండదు. డ్రాయింగుకు వాడే ఇండియన్ ఇంకు పోస్తే గడ్డకట్టి పెన్ను పాడైపోతుంది. నాన్న ఎప్పుడూ పర్మనెంట్ బ్లూబ్లాక్ వాడేవారు, నీళ్లు పడ్డా అక్షరం పోకూడదని.

మూత మరలు మాత్రం బాగుపడలేదు. అరిగిన ఎబొనైట్‌ను మళ్లీ పెంచలేమని, జేబులో పెట్టుకోవద్దని ముందే చెప్పారు. బల్ల మీదే ఉంచి వాడుతున్నాను. పాళీని బట్టి ధర మారుతుంది కాబట్టి ముందే అడిగి ఒప్పుకోండి.

అబిడ్స్‌లో కారు పెట్టుకోవడం కష్టం. నాంపల్లి మెట్రోలో దిగి ఆటో ఎక్కితే నయం. ఆదివారం ఆ ఫుట్‌పాత్‌లన్నీ పాత పుస్తకాలతో నిండిపోతాయి. రిపేరు కోసమైతే మామూలు రోజు, రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లండి. మీరు రోజూ రాసే కాగితం ఒకటి వెంట తీసుకెళ్లండి. సిరాలో ముంచి దాని మీదే రాసి చూసుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల పెన్ను అయితే వాళ్లు రాసింది ఒక పేజీ కూడా పట్టుకెళ్లండి. నేను నాన్న చిత్తుప్రతి ఒకటి చూపిస్తే, గీత మందం చూసి దానికి దగ్గరగా రాసే పాళీయే వెతికి వేశారు.