వేళ్ళకి వెండి స్ప్లింట్లు: ప్రొద్దుటూరులో ఆచారి దగ్గర చేయించినాం, వాడినాక రివ్యూ

ముందు వస్తువు ఏందో చెప్తా, ఇది షాపుకి పోతే రెడీగా దొరికేది కాదు కాబట్టి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతంలో ఒక రకం) ఉన్నోళ్ళల్లో కొందరికి వేళ్ళు ఒక రకంగా తిరిగిపోతాయి, మధ్య కణుపు వెనక్కి వంగిపోతుంది, చివరి కణుపు కిందికి వాలిపోతుంది, డాక్టర్లు స్వాన్ నెక్ (హంస మెడ) అంటారు. అట్లయినాక పిడికిలి ముడవాలంటే మధ్య కణుపు వెనకాలే పట్టేసుకుంటుంది, ఇంకో చేత్తో ముందుకు నెట్టుకోవాల్సిందే. రవిక హుక్కులు పెట్టుకోలేరు, కింద పడిన చిల్లర ఏరుకోలేరు, సంగటి ముద్ద తుంచుకోడానికి కూడా అవస్థే. దానికి 8 అంకె ఆకారంలో ఉంగరం లాంటి స్ప్లింట్ వేస్తారు. వేలి పైన కణుపుకి అటు ఒకటి ఇటు ఒకటి చుట్లు ఉంటాయి, రెండు చుట్లూ కలిసేచోటు అరచేతి వైపు కణుపు కింద ఆనుకుంటుంది. అంతే, ఇంకేం లేదు. వేలు వెనక్కి పోబోతే ఆపుతుంది, ముందుకు వంచితే మాత్రం వంగనిస్తుంది.

మా అత్తమ్మకి కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు ఇట్లయినాయి. వేలూరులో చూపించినప్పుడు అక్కడి ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు మళ్ళా చేసుకునేలా సాయం చేసేవాళ్ళు) మేడం వేళ్ళు కొలిచి ప్లాస్టిక్‌వి ఇచ్చింది. పని బాగా చేస్తాయి, అందులో వంక పెట్టేది ఏం లేదు. కానీ రంగు చర్మం రంగని పేరే గానీ మనోళ్ళ చేతి మీద అంత దూరం నుంచే కనపడుతుంది, దానికి తోడు వంటింట్లో పసుపు తగిలి కొన్నాళ్ళకే మచ్చలు పడినాయి. ఇంట్లో ఉన్నంతసేపు వేసుకునేది, గేటు చప్పుడైతే తీసి దిండు కింద పెట్టేసేది. పెళ్ళికి, పేరంటానికి పోయేటప్పుడు అసలు ముట్టుకునేదే కాదు. ఏమైంది చేతికి అని అడిగిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పుకోవడం నా వల్ల కాదు తల్లీ అనేది. ఆమె బాధ నాకు అర్థమైంది, కానీ స్ప్లింట్ వేలి మీద ఉంటేనే పని చేస్తుంది కదా, దిండు కింద ఉంటే వేలు మళ్ళా వెనక్కే.

కడపలో ఒక సర్జికల్ షాపులో ఇంకాస్త చూడ్డానికి బాగుండేవి ఏమైనా ఉన్నాయా అని అడిగితే, జబ్బు సామాన్లకి సోకులెందుకమ్మా అన్నాడు ఆయన. చాలా బాధేసింది నాకు. డెబ్బై ఏళ్ళ మనిషి ఇప్పటికీ చీరకి తగ్గ గాజులు వెతుక్కుని వేసుకుంటుంది, చేతికి జబ్బు వచ్చిందని ఆ చెయ్యి ఆమెది కాకుండా పోతుందా? ఆ షాపులో ఉన్న చేతికర్రలు, కమోడ్ సీట్లు, లావు పిడి స్పూన్లు అన్నీ అదే బూడిద రంగు, లేకుంటే ఆసుపత్రి తెలుపు, ఇంట్లో పెట్టుకుంటే ఇల్లు వార్డు లాగా అయిపోతుంది. ఇదేం మారనిది కాదు, మార్చినోళ్ళు ఉన్నారు. అమెరికాలో శామ్ ఫార్బర్ అని ఒకాయన, భార్య బెట్సీకి చేతుల్లో ఆర్థరైటిస్, సన్నటి ఇనప పీలర్ పట్టుకోలేక అవస్థ పడుతుంటే చూసి మెత్తటి లావు పిడి ఉండే పీలర్ చేయించినాడు, 1990లో ఆక్సో గుడ్ గ్రిప్స్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. రోగులకని అమ్మలేదు దాన్ని, అందరి వంటింటికీ మంచి పీలర్ అని అమ్మినారు, అందరూ కొన్నారు. న్యూయార్క్‌లో మోడరన్ ఆర్ట్ మ్యూజియం కలెక్షన్‌లో కూడా చేర్చినారు దాన్ని. ఆయనకి తట్టిన ఆలోచన మన దగ్గర సామాను చేసేవాళ్ళకి ఎందుకు తట్టలేదో నాకైతే అర్థం కాదు.

బయటి దేశాల్లో ఈ ఉంగరం స్ప్లింట్లు వెండితో, బంగారంతో చేసి అమ్మేవాళ్ళు ఉన్నారని మాకు ఆ థెరపిస్ట్ మేడమే చెప్పింది. అక్కడి నుంచి తెప్పించే బదులు పక్కనే ప్రొద్దుటూరు పెట్టుకుని ఎందుకు అనుకున్నాం. బంగారం వ్యాపారానికి సెకండ్ బాంబే అని ఊరికే పేరు రాలేదు ఆ ఊరికి. మేం పోయింది పెద్ద షోరూంకి కాదు, మా ఇంట్లో మెట్టెలు, పట్టీలు చేయించుకునే ఆచారి దగ్గరికే. ప్లాస్టిక్‌ది చేతిలో పెట్టి ఇది వెండిలో కావాల అంటే చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసినాడు, తర్వాత ఆయన అడిగిన మొదటి మాట, నొప్పి ఎక్కడ తల్లీ అని. అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఒక్కో కణుపూ ఎంతవరకు వంగుతుందో చూసినాడు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

చేయించుకోవాలనుకునేవాళ్ళు కొన్ని తెలుసుకోవాలి. అచ్చ వెండి వద్దు, మెత్తగా ఉంటుంది, వేలు వెనక్కి తోస్తే ఉంగరమే సాగిపోతుంది. 92.5 వెండి అడగండి, అందులో రాగి కలిసి గట్టిగా నిలబడుతుంది. రెండోది కొలత. ఈ జబ్బుతో పొద్దున లేచేసరికి వేళ్ళు వాచి బిగుసుకుని ఉంటాయి, తర్వాత మెల్లగా సడలుతాయి, కాబట్టి ఒక్క పూట కొలిస్తే చాలదు. మా ఆచారి తీగ చివరలు టంకం పెట్టి అతికించకుండా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా వదిలినాడు, వాపు ఉన్నప్పుడు కొంచెం తెరిచి తగ్గినప్పుడు దగ్గరికి నొక్కుకోవచ్చని. ఈ ఉపాయం పూర్తిగా ఆయనదే, ప్లాస్టిక్‌లో ఇది లేదు, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కాకపోతే రోజూ అదే పనిగా వంచితే తీగ అలిసి విరుగుతుంది, అవసరమైతేనే ముట్టుకోమన్నాడు. మూడోది, రాళ్ళు పెట్టించొద్దు. అత్తమ్మ పచ్చరాయి అడిగింది, చీర పోగులు పట్టుకుంటాయి అని ఆయనే వద్దని పైచుట్టు మీద చదునుగా చిన్న మామిడిపిందె చెక్కినాడు. అరచేతి వైపు మాత్రం ఏ పనితనమూ లేకుండా నున్నగా ఉండాలి, గ్లాసు పట్టుకున్నా కర్ర పట్టుకున్నా బరువంతా అక్కడే పడుతుంది.

ఇంక వాడకం. వేసుకుని ఉన్నంతసేపు వేలు నిలబడి ఉంటుంది, సంగటి ముద్ద తనే తుంచుకుంటుంది, తాళంచెవి తిప్పేటప్పుడు కణుపు జారిపోదు, రవిక హుక్కులు పైవి రెండు ఇంకా నేనే పెట్టాలి గానీ మిగతావి తనే పెట్టుకుంటుంది. మొన్న జమ్మలమడుగులో పెళ్ళికి వేసుకునే వచ్చింది. అక్కడ ఆడోళ్ళు అడిగింది జబ్బు గురించి కాదు, ఈ మోడల్ ఎక్కడ చేయించినావు అక్కా అని, ఇద్దరైతే చెయ్యి పట్టుకుని ఫోటో తీసుకున్నారు, ఈమె కూడా ఆచారి పేరు చెప్పి మరీ చూపించింది. ఆ రోజంతా చెయ్యి కొంగు కింద దాచుకోలేదు. మా ఇంట్లో అందరం గమనించినాం అది.

లోపాలు కూడా ఉన్నాయి. మొదట తెచ్చినప్పుడు లోపలి అంచు కోసుగా ఉండి వేలు పక్కన ఎర్రగా ఒత్తుకుంది, మళ్ళా తీసుకుపోతే ఆకురాయి పట్టి మెరుగు పెట్టి ఇచ్చినాడు, డబ్బులు తీసుకోలేదు, కానీ కడప నుంచి బస్సులో ఆ మోకాళ్ళతో పోయి రావడం ఆమెకి తేలిక కాదు. తీసుకునేటప్పుడే అక్కడే కాసేపు కూర్చుని వేసుకుని చూడండి. వెండి నల్లబడుతుంది, గుడ్డు, ఎల్లిపాయ లాంటివాటిలో గంధకం ఉంటుంది కాబట్టి వంటింట్లో ఇంకా తొందరగా. పిండి కలిపేటప్పుడు తీసేయాలి, లేకుంటే చుట్లు కలిసేచోట ఇరుక్కుంటుంది. చేతులు కడిగినాక కింద తడి లేకుండా తుడుచుకోవాలి, తడి నిలిస్తే చర్మం నానిపోతుంది. ఎమ్మారై తీయించుకోవాల్సి వస్తే చేతులవి కూడా తీసి పోవాలని గుర్తు పెట్టుకోండి, మామూలు ఉంగరాలే అనుకుని మర్చిపోతారు. ఖర్చు అంటారా, వెండి రేటు రోజురోజుకీ మారుతుంది కాబట్టి అంకె చెప్పను, ఒక్కోటి కొన్ని గ్రాములే, తరుగు మజూరీ అన్నీ కలిపినా ఒక మాదిరి పట్టీల జత కన్నా బాగా తక్కువ పడింది.

ఇది వేసుకుంటే జబ్బు తగ్గుతుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. రుమటాయిడ్ మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద పడేది, ఆడవాళ్ళలో ఎక్కువ, దాని మందులు దానికి వాడాల్సిందే. ముందు థెరపిస్ట్‌కి చూపించకుండా నేరుగా ఆచారి దగ్గరికి పోవద్దు, కణుపు పూర్తిగా బిగుసుకుపోయి చేత్తో కూడా కదలకపోతే ఈ ఉంగరం పనికి రాదు, ఇంకో రకంగా వంగిన వేలికి దీన్ని తిరగేసి వేయాల్సి ఉంటుంది, అదంతా వాళ్ళే చెప్పాలి. మేం చేయించినవి కూడా వేలూరు మేడంకి చూపించి సరే అనిపించుకున్నాం.

నా మటుకు ఐదుకి నాలుగున్నర, ఆ అంచు సంగతికి అర తగ్గించినా. ఇప్పుడు అత్తమ్మే అడుగుతోంది, గ్యాస్ నాబ్ తిప్పేదానికి, కుళాయి తిప్పేదానికి పిడులు కావాలంట, ఏటికొప్పాక బొమ్మల మాదిరి లక్క రంగులేసిన చెక్కవి అయితే ఇంకా బాగుంటాయంట. కడప, మైదుకూరు, ప్రొద్దుటూరు వైపు చెక్క లేత్ మీద చిన్న పని కూడా ఓపిగ్గా చేసిచ్చే వడ్రంగి ఎవరైనా తెలిస్తే కింద చెప్పండి, కొలతలు తీసుకుని మేమే వస్తాం.