కువైట్ ఏజెంటు సర్వీసు: ఒక్క స్టార్, అదీ టికెట్ టైముకి ఇచ్చినందుకు

మా ఏజెంటు ఆఫీసు పేజీ తెరిస్తే అన్నీ ఐదు స్టార్లే. "సర్వీసు బాగుంది", "త్వరగా పంపిస్తారు", "నమ్మకమైన మనిషి". రాసినవాళ్లలో ఇంటిపనికి వెళ్లిన ఆడమనిషి ఒక్కరూ లేరు. ఎలా ఉంటారు, అక్కడ ఫోన్ చేతికిస్తే కదా! నేను వెళ్లొచ్చాను, ఫోన్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆఫీసు పేరు మాత్రం ఇక్కడ రాయను, ఫిర్యాదు సంగతి తేలేదాకా.

ముందు మంచి చెప్తాను. టికెట్ చెప్పిన రోజుకే ఇచ్చాడు. ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తేవాడు. "ముసలామె ఉన్న ఇల్లమ్మా, ఆమెను చూసుకోవడమే పని. నెలకి 120 దినార్లు, శుక్రవారం సెలవు" అన్నాడు. ఖర్చులకని 60,000 తీసుకున్నాడు. రసీదు అడిగితే "మనలో మనకి రసీదులేంటమ్మా" అని నవ్వాడు.

టికెట్ కువైట్‌కి కాదు, దుబాయ్‌కి. విజిట్ వీసా. ఎందుకలా అంటే, పది పాసవని మాలాంటి వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కింద ఉంటుంది, అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ పాస్‌పోర్టుతో ఆడవాళ్లు కువైట్‌తో కలిపి 18 దేశాలకు ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలి, ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి, కాంట్రాక్టు ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎక్కాలి. ఆంధ్రాలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నది అందుకే. ప్రైవేటు ఏజెంటుకి ఆ దారి లేదు. కాబట్టి దుబాయ్ చూడ్డానికి పోతున్నట్టు విమానం ఎక్కించి, అక్కడి నుంచి కువైట్ పంపిస్తాడు. అలా వెళ్తే మన గవర్నమెంటు లెక్కలో మనం పనికి పోయినట్టే ఉండదు. సక్రమంగా వెళ్లినవాళ్లకి ఉండే 10 లక్షల ప్రవాసీ బీమా కూడా ఉండదు. ఇదంతా నాకు చెప్పింది ఏజెంటు కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఇల్లు. ముసలామె ఉన్న మాట నిజమే. ఆమెతో పాటు మూడంతస్తులు, మేడం, బాబా (ఇంటి యజమానిని అలాగే పిలవాలి), ఐదుగురు పిల్లలు కూడా ఉన్నారు. ఎయిర్‌పోర్టులోనే మక్తబ్ వాడు, అంటే పనిమనుషుల్ని ఇళ్లకి కుదిర్చే అక్కడి ఆఫీసు వాడు, నా పాస్‌పోర్టు తీసుకున్నాడు, మర్నాడు దాన్ని బాబా చేతిలో పెట్టాడు. నా పడక వాషింగ్ మెషీన్ పెట్టిన గదిలో. ఆఖరి లోడు రాత్రి పన్నెండు దాటాక వేసేదాన్ని. అది గడగడలాడుతుంటే నిద్రెక్కడిది, ఆగాక ఆరేసి పడుకోవాలి. ఐదింటికి పిల్లల స్కూలు హడావుడి. దివానియాలో, అంటే మగ అతిథుల గదిలో, మగవాళ్లు కూర్చున్న రాత్రయితే టీ గ్లాసులు కడిగి పంపుతూనే ఉండాలి. శుక్రవారం సెలవు సంగతి అడిగితే మేడం వాళ్ల చెల్లెలింట్లో పనికి దింపి వచ్చేది. జీతం 120 కాదు, 80. మొదట్లో అదీ లేదు, "మక్తబ్‌కి కట్టింది తీరాలి" అన్నారు.

అక్కడ చట్టం లేదనుకునేరు, ఉంది. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం. రోజుకి 12 గంటలకు మించి పని చెప్పకూడదు, వారానికో సెలవు, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు లాక్కోకూడదు. కనీస జీతం 60 దినార్లని 2016లో పెట్టారు. కానీ మా ఇంటి లోపలికొచ్చి ఎన్ని గంటలు పనిచేస్తున్నావమ్మా అని అడిగిన ఆఫీసరు ఒక్కడూ లేడు.

అసలు రివ్యూ ఇక్కడి నుంచి. ముసలామె మంచిది, అప్పుడప్పుడు తన ఫోన్ ఇచ్చేది. ఇల్లు మార్చమని ఏజెంటుకి ఎప్పుడు చెప్పినా ఒకటే జవాబు: "ఆరు నెలలు ఓర్చుకో అమ్మా, తర్వాత నేను చూసుకుంటా." ఓదారుస్తున్నాడనుకున్నా. ఒకసారి మేడం కోపమొచ్చి నన్ను మక్తబ్‌లో దింపేసింది, బుద్ధి చెప్పి పంపమని. అక్కడ గోడవారగా ప్లాస్టిక్ కుర్చీల్లో ఆడవాళ్లను కూర్చోబెడతారు. ఇంటివాళ్లెవరైనా వస్తే లేచి నిలబడాలి. చేతులు తిప్పి చూస్తారు, వయసడుగుతారు. పక్క కుర్చీలో ఉన్న శ్రీలంక ఆవిడ, పాతకాపు, వచ్చీరాని హిందీలో లెక్క చెప్పింది. పనిమనిషికి ఆరు నెలల గ్యారంటీ ఉంటుందట. ఆ లోపు మనం పని మానేస్తే మక్తబ్ కఫీల్‌కి, అంటే మన వీసా తీసిన ఇంటి యజమానికి, డబ్బు వాపసివ్వాలి. ఆరు నెలలు దాటితే మక్తబ్ డబ్బు భద్రం, మన ఏజెంటు కమీషన్ భద్రం. గ్యారంటీ కార్డు మిక్సీ కొన్నవాడికి గానీ మిక్సీకి ఇస్తారా? అప్పుడర్థమైంది, ఈ సర్వీసుకి కస్టమర్ని నేను కాదని. 60,000 కట్టింది మాత్రం నేనే.

ఆరు నెలలు దాటాయి. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు.

పనిచేసిన సర్వీసు గురించి కూడా చెప్పాలి. ముసలామె మందుల కవరు మీద ఇంటి అడ్రసు ఉంటుంది: ఏరియా, బ్లాక్, వీధి, ఇంటి నంబరు. దాన్ని ఫోటో తీసి మా అక్క కొడుక్కి పంపాను. వాడు విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాడు. ఎంబసీ నుంచి ఇంటికి ఫోనొచ్చింది. ఆ తర్వాత ఒక పొద్దున చెత్త పడేయడానికి బయటికొచ్చి టాక్సీ ఎక్కి నేరుగా ఎంబసీకే పోయాను. వాళ్ల షెల్టర్‌లో పడుకోనిచ్చారు. కఫీల్ వెంటనే పరారీ కేసు పెట్టాడు. అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, ఆయన చేతిలో ఉంటుంది కదా, జీతం ఎగ్గొట్టినవాడు బాగానే ఉంటాడు, ఇల్లు దాటిన మనిషి దొంగవుతుంది. పాస్‌పోర్టు రాలేదు, దాని బదులు ఎంబసీ ఇచ్చే అవుట్‌పాస్ కాగితం మీద ఇంటికొచ్చాను. జీతం బాకీ అక్కడే ఉండిపోయింది.

ఎవరైనా ఇలాంటి ఏజెంటు దగ్గరికి వెళ్తుంటే మొదట ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా చూడండి. మా ఏజెంటు పేరు అందులో లేదు. రిజిస్టరైన ఏజెంటయినా 30,000, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మిమ్మల్ని దుబాయ్ మీదుగా పంపుతామంటే ఇంకేమీ అడగొద్దు, లేచి వచ్చేయండి.

నేను రివ్యూ రాస్తున్నానని ఎవరో చెప్పినట్టున్నారు, నిన్న తనే ఫోన్ చేశాడు. రాయకుంటే సగం డబ్బు వెనక్కిస్తాడట. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లన్నీ ప్రింటు తీయించాను. సోమవారం హైదరాబాద్‌లో, విదేశాలకు పనికి పోయేవాళ్ల సంగతి చూసే ప్రభుత్వ ఆఫీసుకి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గరికి వెళ్తున్నా.