తొమ్మిదేళ్లుగా చుట్టాలకు చూపిస్తున్న ఊరు: సెయింట్ లూయిస్

మేం అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ వచ్చి తొమ్మిదేళ్లు. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఊరు చూపించే పని నాదే కాబట్టి ఇక్కడి గేట్‌వే ఆర్చ్ అనే పెద్ద స్టీలు తోరణం ఎన్నిసార్లు ఎక్కానో లెక్కే లేదు. చాలామంది ఆర్చ్ ఎక్కి, నాలుగు ఫొటోలు దిగి, చికాగో దారి పట్టేస్తారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. ఈ ఊళ్లో తీరిగ్గా చూడాల్సింది ఆ ఆర్చ్‌కి ఎదురుగానే ఉంది.

ముందు ఆర్చ్ సంగతి చెప్తాను. 630 అడుగుల ఎత్తు, రెండు కాళ్ల మధ్య దూరమూ అంతే. ఏరో సారినెన్ డిజైన్, 1965లో పూర్తయింది. పైకి తీసుకెళ్లేది మామూలు లిఫ్ట్ కాదు, గుండ్రటి డబ్బా లాంటి బుల్లి గది. నాలుగడుగుల తలుపులోంచి వంగి దూరాలి. ఐదుగురు కూర్చుంటే మోకాళ్లు మోకాళ్లకు తగులుతాయి. పైకి చేరడానికి నాలుగు నిమిషాలు. మా అత్తయ్యగారికి ఇరుకు గదులంటే భయం. టికెట్ కొన్నాక తలుపు దాకా వచ్చి ఆగిపోయారు, చేతులు చల్లబడిపోయాయి. నేను ముందే చెప్పి ఉండాల్సింది. అలాంటివాళ్లుంటే బలవంతం చేయకండి. కింద మ్యూజియం ఉచితం, రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

ఒక విషయం మాత్రం తెలుసుకుని వెళ్లండి. 1764లో ఫ్రెంచి వ్యాపారులు ఊరు మొదలుపెట్టింది సరిగ్గా ఈ మిసిసిపి నది ఒడ్డునే. ఇప్పుడున్న పచ్చిక కోసం దాదాపు 40 బ్లాకుల పాత ఊరిని కూలగొట్టేశారు. ఆ పచ్చికలో నిలబడి ఉన్న 1834 నాటి చర్చి ఆ పాత ఊళ్లోంచి మిగిలినదే.

రోడ్డు దాటితే ఓల్డ్ కోర్ట్‌హౌస్, పచ్చ గుమ్మటం కట్టడం. డ్రెడ్ స్కాట్, హారియెట్ అనే బానిస దంపతులు తమకు స్వేచ్ఛ కావాలని వేసిన దావా 1847లోనూ 1850లోనూ ఇక్కడే విచారణకు వచ్చింది. రెండోసారి గెలిచారు. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. చివరికి 1857లో అమెరికా సుప్రీంకోర్టు, నల్లజాతివాళ్లు ఈ దేశ పౌరులే కారని చెప్పింది. దేశం అంతర్యుద్ధం వైపు వెళ్లడానికి ఆ తీర్పూ ఒక కారణం. బయట దంపతుల విగ్రహం ఉంది. వాళ్లు కోర్టుకెక్కిన రోజుల్లో ఇవే మెట్ల మీద మనుషుల్ని వేలం వేసేవాళ్లు. మా నాన్న ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయారు. ఈ కోర్ట్‌హౌస్‌ని చాలాకాలం మరమ్మతులకు మూసి, 2025 మేలో మళ్లీ తెరిచారు. లిఫ్ట్ కూడా పెట్టారు కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు.

అక్కడి నుంచి ఈడ్స్ వంతెన మీదికి నడవండి. 1874లో తెరిచారు. జనానికి నమ్మకం కలగడానికి ముందు ఒక ఏనుగును నడిపించారు. పునాదుల కోసం నది అడుగున, గాలి ఒత్తిడి గదుల్లో పనిచేసిన కూలీలు చాలామంది ఆ ఒత్తిడిలోంచి ఒక్కసారిగా పైకి రావడంతో ఒళ్లు పట్టేసి చచ్చిపోయారు. ఇప్పుడు కింది అంతస్తులో మెట్రో రైలు వెళ్తుంది. మిస్సోరి నది ఊరికి ఎగువన మిసిసిపిలో కలిసి బురదంతా తెస్తుంది. మాది రాజమండ్రి. నాన్న రెయిలింగ్ పట్టుకుని, "వరద గోదావరిలాగే ఉందిరా" అన్నారు.

సూలార్డ్ అనే పాత పేటకి శనివారం పొద్దున్నే వెళ్లండి. ఎర్ర ఇటుకల ఇళ్లు వరసగా, రోడ్డుకి ఆనుకుని ఉంటాయి. సంత 1779 నుంచి ఉందని చెప్తారు. వేసవిలో అమ్మ అక్కడ బెండకాయలు కొస విరిచి చూసి మరీ ఏరుకుంటుంది. లాఫయెట్ స్క్వేర్ ఇళ్లు ఇంకా అందంగా ఉంటాయి, గంట చాలు. యూనియన్ స్టేషన్ అనే పాత రైల్వే స్టేషన్‌లో ఒక కమాను కింద ఒక మూల గోడకేసి గుసగుసలాడితే అవతలి మూలకు వినిపిస్తుంది, పిల్లలకు భలే ఇష్టం.

కారు సీట్లో బ్యాగులు వదలకండి. డౌన్‌టౌన్ వీధిలో ఒకసారి మా కారు అద్దం పగలగొట్టారు, అప్పటి నుంచి గ్యారేజీలోనే పెడుతున్నాం. జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత మన కోస్తాకి తీసిపోదు. అక్టోబరులో రండి.

వీలుంటే ఊరి ఉత్తరాన కాల్వరీ శ్మశానానికి కూడా వెళ్లండి. సుప్రీంకోర్టులో ఓడిన రెండున్నర నెలలకు యజమానులు మారి విడుదల దొరికినా, డ్రెడ్ స్కాట్ ఏడాదిన్నర కూడా బతకలేదు. ఆయన సమాధి మీద జనం, బానిసత్వాన్ని అంతం చేసిన అధ్యక్షుడు లింకన్ బొమ్మ పైకి ఉండేలా ఒక సెంటు నాణేలు పెట్టి వెళ్తారు. పోయినసారి నాన్న జేబులన్నీ వెతుక్కున్నారు, ఒక్కటీ లేదు. పక్కనున్న పెద్దావిడ తన పర్సులోంచి ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. మీరు నాలుగు సెంట్లు జేబులో వేసుకుని బయల్దేరండి.