క్రాష్ గార్డు కొనేవారు గొట్టం కాదు, ముందు బోల్టులు చూడండి

మోటార్ సైకిలుకు క్రాష్ గార్డు బిగించుకోవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. గొట్టం ఎంత లావుగా ఉంది, పూత ఎంత నిగనిగలాడుతోంది అన్నది చూసి మురిసిపోకండి. దాన్ని బండికి పట్టి ఉంచే బోల్టులు ఎలాంటివి, ఎక్కడ పడుతున్నాయి అన్నదే అసలు సంగతి. అక్కడ తేడా వస్తే ఇంజిన్‌ను కాపాడాల్సిన గార్డే దాన్ని పగలగొడుతుంది. నా బండికి అదే జరిగింది.

నా మోడల్‌కు అచ్చంగా సరిపోతుందని అమ్మకందారు గట్టిగా రాసుకున్న గార్డు అది. పెట్టెలో బిగించే పద్ధతి చెప్పే కాగితం లేదు. బోల్టుల తలలపై ఒక్క అంకె కూడా లేదు. ఎడమవైపు ఎలాగో కూర్చుంది. కుడివైపు మాత్రం గార్డు రంధ్రానికీ ఇంజిన్ మౌంటు (ఇంజిన్‌ను ఫ్రేముకు బిగించే చోటు) రంధ్రానికీ మధ్య వేలెడు తేడా. బిగించే అతను ఏమాత్రం తడబడకుండా, ‘కొత్తది కదండీ, కాస్త లాగితే కూర్చుంటుంది’ అంటూ సందులో ఇనుప కడ్డీ పెట్టి లాగి, బోల్టు దూర్చేశాడు. కూర్చున్న మాట నిజమే. కానీ అలా వంచి బిగించిన గొట్టం స్ప్రింగులా తన దారికి తాను పోవాలని చూస్తూనే ఉంటుంది. ఆ లాగుడంతా బోల్టు మీదే. దానికి ఇంజిన్ అదురు తోడైతే ఇక చెప్పేదేముంది?

కొన్నాళ్లకు బండి నిలిపిన చోటే పక్కకు ఒరిగింది. వేగం సున్నా. మామూలుగా అయితే క్లచ్ లీవరు వంగేది, ఫుట్‌రెస్ట్ గీసుకుపోయేది. నా బండికి మాత్రం గార్డు కింది బోల్టు మీద గిర్రున తిరిగి ఇంజిన్ కవరుకు గుద్దుకుంది. కవరు చీలి ఆయిల్ కారింది. కింది బోల్టు పట్టిన అల్యూమినియం చెవి కూడా విరిగింది. పై బోల్టు ఎప్పుడో సగం తెగి ఉన్నట్టుంది. విరిగిన ముఖం చూస్తే అర్థమైపోతుంది: ఒక సగం మాసిపోయి, అలలు అలలుగా గీతలతో ఉంది, మిగతా సగం గరుకుగా, తళతళా మెరుస్తోంది. మాసిన సగం రోజూ కొంచెం కొంచెంగా చీలుతూ వచ్చింది, మెరిసేది ఆ రోజు ఒక్క దెబ్బకు తెగింది.

అడిగితే అమ్మకందారు బిగింపు తప్పన్నాడు, బిగించినవాడు గార్డే తప్పన్నాడు. వారంటీ పూతకు మాత్రమేనట! పూత నిక్షేపంగా ఉంది మరి.

బోల్టు తల మీద 8.8 అని ఉంటే దాని తన్యబలం (లాగితే తెగకుండా ఓర్చుకునే బలం) 800 మెగాపాస్కల్‌లు, అందులో 80 శాతం దాకా శాశ్వతంగా సాగకుండా నిలబడుతుంది. 10.9 అంటే 1000, 90 శాతం. అంకె లేని బోల్టుకు ఏ హామీ లేదు. స్టెయిన్‌లెస్ బోల్టులు అంత తేలిగ్గా తుప్పు పట్టవు, మెరుస్తాయి. కానీ మామూలుగా దొరికే ఏ2-70 రకం బలంలో 8.8 కంటే తక్కువే. ఇంజిన్ మౌంటు దగ్గర అందం కోసం బోల్టు మార్చడం వద్దు. పాత బోల్టుతోనే సరిపెడతామంటే అసలే వద్దు. ఎందుకంటే గార్డు పట్టీ (బోల్టు దూరే ముక్క) మందం 5 మిల్లీమీటర్లు ఉంటే, లోపల మరలో దిగే పొడవు సరిగ్గా అంత తగ్గిపోతుంది. అల్యూమినియంలోకి దిగే ఉక్కు బోల్టుకు దాని వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పట్టు కావాలి. 10 మిల్లీమీటర్ల బోల్టుకు 15 నుంచి 20 అన్నమాట. అది లేకపోతే బిగించేటప్పుడే మరలు ఊడిరావచ్చు.

చాలా బండ్లలో గార్డు పడేది ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టుల దగ్గరే. కాబట్టి రెండు వైపులవీ ఒకేసారి తీయనివ్వకండి. ఇంజిన్ కింద చెక్క ముక్క వేసి జాకీ పెట్టించి, ఒక్కొక్కటే మార్పించండి. బోల్టులన్నీ ముందు చేత్తో దిగాలి. అన్నీ దిగాకే, సర్వీసు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (ఎంత బలంతో తిప్పి బిగించాలన్న లెక్క) చూసుకుని, దాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాలి. ఏ ఒక్కటి చేత్తో దిగకపోయినా గార్డు వెనక్కి పంపేయండి, కడ్డీ మాట ఎత్తనివ్వకండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పితే గార్డుకు తగులుతోందా, ఆయిల్ ఫిల్టరుకు చేయి పడుతోందా, బ్రేక్ పెడల్‌కు అడ్డు లేదా అన్నది కూడా అక్కడే చూసుకోండి.

ఒకే చోట పట్టుండే గార్డులు కొనకండి, అవి చూడటానికే. ప్రతి పక్కా కనీసం రెండు చోట్ల పట్టు, రెండు పక్కలనూ కలిపే అడ్డ గొట్టం ఉన్నవి మేలు. దాని మీద లైట్లు, సామాను సంచులు వేలాడదీసేవారి ధైర్యానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

బోల్టు తల కింద పౌడర్ కోటింగ్ (గార్డు మీది పూత) మందంగా ఉంటే అది నలిగి, బిగుతు సడలుతుంది. బిగించగానే బోల్టు తల మీదుగా పట్టీ మీదకు రంగుతో ఒక గీత గీయండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తరువాత గీత విడిపోయి కనిపిస్తే బోల్టు తిరిగినట్టే. గీత కలిసే ఉన్నా, అప్పుడొకసారి టార్క్ రెంచి పెట్టి చూడండి.