అనంతపురంలో ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ కోచింగ్‌కు డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

పిల్లల్ని ఎం.ఎస్‌.కు పంపాలని, విదేశీ కాలేజీలు అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోసం కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్న తల్లిదండ్రులకు, ముఖ్యంగా కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో ఉండే పిల్లల ఇంటివాళ్లకు ఒక మాట. దిద్దిన నోట్‌బుక్ మీ కళ్లతో చూడందే రైటింగ్ కోచింగ్‌కు ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

మా చెల్లెలు బీటెక్ అయ్యాక ఊళ్లోనే ఒక సెంటర్లో చేరింది. పేరు ఇక్కడ రాయను. బోర్డు మీద ‘7 బ్యాండ్ గ్యారంటీ’ (బ్యాండ్ అంటే ఈ పరీక్షలో 9కి ఇచ్చే స్కోరు), గోడ నిండా వీసా వచ్చిన పిల్లల ఫొటోలు. ‘రాసిన ప్రతి ఎస్సే దిద్ది ఇస్తాం’ అని నా ఎదురుగానే చెప్పి, 22 వేలు ఒకేసారి కట్టించుకున్నారు. తీరా పరీక్ష రాస్తే లిజనింగ్‌లో 7, రీడింగ్‌లో 6.5 వచ్చాయి. రైటింగ్ మాత్రం 5.5 దగ్గర ఆగిపోయింది. తను అనుకున్న కోర్సుకు ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదు.

అప్పుడు తన నోట్‌బుక్ ముందర పెట్టుకుని కూర్చున్నాను. ఒక పేజీలో ప్రశ్న ‘పై చార్ట్’ మీద, అంటే ముక్కలుగా కోసిన గుండ్రటి బొమ్మ. జవాబు మొదటి వాక్యమే ‘ది గివెన్ బార్ గ్రాఫ్ షోస్’ అని, అంటే పట్టీల బొమ్మ అని ఉంది. దాని మీదుగా ఎర్ర ఇంకుతో పెద్ద టిక్కు, కింద ‘గుడ్. ఇంప్రూవ్ వొకాబులరీ’. ఇంకో పేజీలో రెండు వైపుల వాదనలూ చర్చించి సొంత అభిప్రాయం చెప్పమని ప్రశ్న. చెల్లెలు ఒక వైపే రాసింది, అదీ 190 పదాలకే ఆపేసింది. దానికీ అదే టిక్కు, అదే ‘గుడ్’. తనతో పాటు చదివిన ఉరవకొండ అమ్మాయి పుస్తకం తెప్పించి చూస్తే వ్యాఖ్య అదే, ఎస్సేల్లో మొదటి మూడు లైన్లూ అవే. ఎందుకంటే అందరికీ ఒకే జిరాక్స్ కట్ట ఇచ్చి బట్టీ పట్టించారు. ఆ పుస్తకాలు ఎవరూ చదవలేదు. నాకు కడుపు మండింది అక్కడే.

ఈ పరీక్షలో రైటింగ్‌కు ఇచ్చేది 60 నిమిషాలు. మొదటి టాస్క్ కనీసం 150 పదాలు, రెండోది కనీసం 250. రెండోదానికి మొదటిదానికంటే రెట్టింపు విలువ. అడిగినదానికి జవాబు చెప్పారా, ఆలోచన ఒక వరసలో నడిచిందా, పదాల వాడకం ఎట్లుంది, వ్యాకరణం ఎట్లుంది అని నాలుగు విషయాలకు సమానంగా మార్కులేస్తారు. బట్టీ పట్టిన ముక్క ఈ నాలుగింట్లో మొదటిదాంట్లోనే దొరికిపోతుంది, ప్రశ్న మారితే జవాబు మారదు కదా. జవాబు మొత్తం బట్టీదేనని రుజువైతే సున్నా బ్యాండ్ అని వాళ్ల మార్కుల నిబంధనల్లోనే రాసుంది. ఆ నిబంధనలు ఐఈఎల్‌టీఎస్ అధికారిక వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, నమూనా ప్రశ్నలు కూడా అక్కడే ఉన్నాయి. 22 వేలు తీసుకున్నవాళ్లు ఆ కాగితం ఒక్కసారి కూడా పిల్లలకు చూపించలేదు.

వెళ్లి అడిగితే, ‘మీ చెల్లెలికి వొకాబులరీ లేదు సార్, అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో ఇంకో నెల చేర్పించండి’ అన్నారు. డబ్బు వాపసు అడిగితే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించారు, ‘కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అని. ఆ అక్షరాలు చూసి వెనక్కి వచ్చేయకండి. ఫీజంతా కట్టి కోర్సు మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి 10 రోజుల్లో వాపసు ఇవ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కోచింగ్ సంస్థలు గ్యారంటీల పేరుతో తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదనీ, పిల్లల అనుమతి లేకుండా వాళ్ల ఫొటోలు వాడకూడదనీ అదే ఏడాది నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

ఇప్పుడు చెల్లెలు మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ దగ్గరికి పోతోంది. ఆయన తప్పు కింద గీత గీస్తారు గానీ సరైన మాట రాయరు. ‘ఇక్కడ ఏదో తేడా ఉందమ్మా, ఏందో చూడు’ అంటారు. అదే ఎస్సే మళ్లీ రాయించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చదివిస్తారు. వారానికి రెండు ఎస్సేలే. కానీ ఇప్పుడు తను ప్రశ్న చదవగానే పెన్ను పట్టుకోదు, ఏమడిగారో ముందు తెలుగులో నాకు చెప్పి అప్పుడు మొదలుపెడుతుంది. ఇంతకాలం సెంటర్లో ఈ పని చేయించిన మనిషే లేడు.

చేర్చే ముందు పాత విద్యార్థి పుస్తకం ఒకటి అడగండి. ప్రతి వాక్యం చదివిన గుర్తులున్నాయా, రెండోసారి రాయించారా చూడండి. దిద్దేది ఎవరు, వారానికి ఎన్ని, బ్యాచ్‌లో ఎంతమంది అనేవి రసీదు మీద రాయించుకోండి. రాయనంటే బయటికి వచ్చేయండి. ఫీజు నెలనెలా కడతామని చెప్పండి.

ఇట్లాగే మోసపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే రసీదు, నోట్‌బుక్, ఫోన్‌లో వచ్చిన మెసేజ్‌లు ఏవీ పారేయకుండా దాచిపెట్టి నాకు మెసేజ్ పెట్టండి. అందరం కలిసి ఫిర్యాదు వేద్దాం.